లిస్టు దిద్దిన రోజు

మొన్న ఆదివారం పొద్దున్న నేను వంటింటి గుమ్మంలో కూర్చుని ఆనపకాయ తరుగుతూ ఉంటే, మా మనవరాలు హాల్లో చాప పరుచుకుని, ఏదో ఉద్యోగం పరీక్షకి కొనుక్కున్న లావుపాటి పుస్తకం ముందు పెట్టుకుని, ఒకదానికొకటి తికమకపడే ఇంగ్లీషు మాటల పాఠం పైకి వల్లెవేస్తోంది. స్టేషనరీలో ఒక అక్షరం మారితే కదలకుండా నిలబడినది, ఇంకో అక్షరం అయితే కాగితాలూ కలాలూ. మ్యాచ్ అంటే క్రికెట్టుదొకటి, అగ్గిపుల్లదొకటి, పెళ్లి సంబంధం ఇంకొకటి. ఇలా సాగుతూ సాగుతూ లిస్టు దగ్గరికి వచ్చి, జాబితా అని ఒక్క అర్థం చదివేసి, పేజీ తిప్పేసింది. నేను కత్తి కింద పెట్టి, దానికి ఇంకో అర్థం ఉంది, రాసుకో అన్నాను. నమ్మలేదు. ఫోనులో వెతుక్కుని, ఓడ ఒక పక్కకి ఒరగడం అని చూసుకుని, నీకెలా తెలుసు అమ్మమ్మా అని అడిగింది. పోర్టులో నేర్చుకున్నానులే అన్నాను. పరీక్ష దగ్గర పడింది కాబట్టి అది మళ్లీ పుస్తకంలో తలదూర్చేసింది. చెప్పాలని నోటిదాకా వచ్చినదంతా నాలోనే ఉండిపోయింది, అందుకే మీకు చెప్పుకుంటున్నాను.

మన తరం వాళ్లకి ఇంగ్లీషు ఎలా వచ్చిందో మీకు వేరే చెప్పనక్కర్లేదు. ఆరో తరగతిలో అక్షరాలు దిద్ది, పదో తరగతికి వ్యాసాలు బట్టీ పట్టి, కాలేజీకి వచ్చేసరికి డిక్షనరీ ఒకటి సంపాదించి, రోజుకి పది మాటల చొప్పున నెత్తికెక్కించుకున్నవాళ్లం. భీమిలి పక్క పల్లెలో కొబ్బరి, జీడిమామిడి తప్ప ఇంకేమీ తెలియని ఇంట్లో పుట్టిన నేను, పట్నం వచ్చి కాలేజీలో చదివి, ఇంగ్లీషులో అందరికంటే ఎక్కువ మార్కులు తెచ్చుకుని, వక్తృత్వ పోటీల్లో రెండు కప్పులు కూడా ఇంటికి పట్టుకొచ్చాను. మా అమ్మ ఆ కప్పుల్ని బియ్యం డబ్బా మీద పెట్టి వచ్చిన వాళ్లందరికీ చూపించేది. నా చదువులో ఒక లోపం మాత్రం ఉండేది, అది అప్పట్లో నాకే తెలియదు. డిక్షనరీలో ఒక్కో మాట కింద ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసి అర్థాలు ఇస్తాడు కదా, నేను ఒకటో అంకె దగ్గరే ఆగిపోయేదాన్ని. మొదటి అర్థం తెలిస్తే మాట తెలిసిపోయినట్టే అనుకునేదాన్ని.

మా అమ్మ తమ్ముడు, అంటే మా మేనమామ, అప్పటికే పోర్టులో పాతికేళ్లుగా పని చేస్తున్నాడు. ఓడల్లో సరుకు ఎక్కించే గేంగుకి మేస్త్రీ. ఓడ డెక్కు మీద హేచ్ అని పెద్ద గొయ్యిలాంటి నోరు ఉంటుంది, దాని అంచున నిలబడి, కింద సరుకు పేర్చే కళాసీలు ఎక్కడున్నారో చూసుకుంటూ, పైన బరువులెత్తే వించి తిప్పేవాడికి చేతులతో సైగ చేసి బరువు దింపించడం ఆయన పని. మూడో తరగతితో చదువు మానేసిన మనిషి. సంతకం పెట్టడానికి కాస్త సమయం తీసుకునేవాడు గానీ, ఆయన చెయ్యి లేస్తే ఐదు టన్నుల ఇనుము గాలిలో అలాగే ఆగిపోయేది. నా చదువు పూర్తయిన ఏడాది, ఆయన తన గేంగుకి పని ఇచ్చే కంపెనీ మేనేజరు దగ్గరికి వెళ్లి, ఉతికిన చొక్కా వేసుకుని నిలబడి, మా మేనకోడలికి దొరల్లాగ ఇంగ్లీషొస్తాదండి, ఓడోల్ల మాటలు అదైతే తప్పుల్లేకుండా రాసుకుంటాది అని చెప్పాడట. ఆ ఒక్క మాట మీద నాకు ఉద్యోగం ఇచ్చారు, ఆరు నెలల పాటు పని చూసి ఖాయం చేస్తామన్నారు. అడిగింది మావయ్య కాబట్టి, నేను తప్పు చేస్తే తలవంపులు ఆయనకే అన్నది నాకు మొదటి రోజునుంచే తెలుసు.

ఓడలు ఆగే జెట్టీ పక్కన రేకుల షెడ్డు ఒకటి మా ఆఫీసు. ఒక బల్ల, ఒక టైపు మిషను, గోడకి తగిలించిన ఓడల పటం, ఒక వాకీటాకీ. ఓడలోంచి ఏ కబురు వచ్చినా ఆ వాకీటాకీలో వినడం, కాగితం మీద రాయడం, ఎవరికి చెప్పాలో వాళ్లకి చెప్పడం నా పని. ఆ జెట్టీ అంతటా ఆడమనిషిని నేనొక్కదాన్నే. ఇనుప ఖనిజం ధూళికి సాయంత్రానికల్లా చీర అంచు ఎర్రబడిపోయేది, ఇంటికెళ్లి ఎంత పిండినా పోయేది కాదు. అయినా ఆ ఎర్రటి అంచుతో బస్సెక్కడం నాకు గొప్పగానే ఉండేది.

చేరిన రెండో నెలలో ఒక ఓడ వచ్చింది. స్టీలు ప్లాంటు నుంచి వచ్చిన పొడుగాటి ఇనుప కడ్డీల్ని కట్టలు కట్టి అందులోకి ఎక్కిస్తున్నారు. ఏ కట్ట ఎంత బరువో, ఎన్ని ఎక్కాయో రాసిన పట్టీ నా దగ్గర ఉంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక వాకీటాకీ గరగరమంది. ఓడలో సరుకు పని చూసే అధికారిని మేట్ అంటారు, ఆ మేట్ ఏ దేశంవాడో గానీ ఆయన ఇంగ్లీషు సగం నోట్లోనే ఉండిపోయేది. నాకు వినబడింది వినబడినట్టు రాసుకున్నాను: వెసల్, లిస్ట్ టు పోర్ట్, కరెక్ట్ లిస్ట్, అర్జెంట్. రెండుసార్లు అన్నాడు. ఓకే సర్ అని నేను చాలా స్పష్టంగా, కాలేజీ స్టేజీ మీద పలికినట్టు పలికాను.

ఇంతకంటే తేలికైన ఇంగ్లీషు ఎక్కడైనా ఉంటుందా చెప్పండి. ఓడ లిస్టు పోర్టుకి పంపాలి, అందులో తప్పుంది, దిద్ది పంపాలి, తొందరగా. నేను ఆ పట్టీ ముందు పెట్టుకుని, స్కేలు పెట్టి ఒక్కొక్క వరుసా చదువుకుంటూ వచ్చాను. దేవుడు నన్ను ఆడించదలుచుకున్నాడు కాబోలు, ఎనిమిదో వరుసలో నిజంగానే తప్పు దొరికింది, ముప్పై ఆరు అని ఉండాల్సిన చోట అరవై మూడు కొట్టాను. ఆ ఓడ మేట్ కళ్లు ఎంత చురుకైనవో అని మనసులో మెచ్చుకున్నాను కూడా. మధ్యలో మూడు కార్బన్లు పెట్టి నాలుగు ప్రతులు కొత్తగా టైపు చేసి, పోర్టు ఆఫీసుదాకా ఎండలో నడిచి వెళ్లి, అక్కడి గుమాస్తా ఇప్పుడెవరు అడిగారమ్మా ఇది అని విసుక్కుంటుంటే, ఓడవాళ్లే అడిగారు అని గట్టిగా చెప్పి, ఇచ్చి, రసీదు మీద స్టాంపు వేయించుకుని, గంటసేపట్లో షెడ్డుకి తిరిగొచ్చాను.

వచ్చేసరికి జెట్టీ మీద చప్పుడు లేదు. వించులు ఆగిపోయాయి. మావయ్య షెడ్డు గుమ్మంలో నిలబడి ఉన్నాడు, ఒళ్లంతా చెమట, మొహంలో నెత్తురు లేదు.

"అమ్మీ, ఓడ కాడ్నుంచి కబురేటైనా వచ్చిందేటి?" అన్నాడు.

వచ్చింది మావయ్యా, లిస్టు దిద్దమన్నారు, దిద్దేశాను, పోర్టుకి ఇచ్చి కూడా వచ్చాను అని స్టాంపు వేసిన కాగితం చూపించాను. ఆయన ఆ కాగితం వంక చూశాడు, తర్వాత నా వంక చూశాడు. కోప్పడలేదు. తన కుడి అరచేతిని బల్ల మీద నీళ్ల పళ్లెం పట్టుకున్నట్టు సమంగా పెట్టి, మెల్లిగా ఎడమ పక్కకి వంచాడు.

"లిస్టంటే ఇదమ్మా. ఓడ ఒరిగిపోనాది. పోర్టంటే మన పోర్టు కాదు, ఓడ ముక్కేపు తిరిగి నిలబడితే నీ ఎడం సెయ్యేపు."

నేను గుమ్మంలోంచి చూశాను. అంత పెద్ద ఓడ, జెట్టీకి అవతల నీళ్ల పక్కకి వాలిపోయి ఉంది. తాళ్లు బిగుసుకుపోయాయి, పొద్దున్న ఏటవాలుగా ఉన్న మెట్ల నిచ్చెన నిలువుగా లేచిపోయింది. కట్టలన్నీ లోపల ఒక పక్కకే పేర్చుకుంటూ పోతే అలా అవుతుందట. ఆ ఒరుగు సరిచెయ్యమని, అంటే ఎడమ పక్క ఆపి కుడి పక్క పేర్చమని మేట్ గంట కిందటే చెప్పాడు. ఆ గంటసేపూ కట్టలు ఎడమ పక్కకే దిగుతూ వచ్చాయి. చివరికి గాలిలో వేలాడుతున్న కట్ట హేచ్ మధ్యకి రాకుండా పక్కకి లాగేస్తుంటే మావయ్యకి అనుమానం వచ్చి చెయ్యి ఎత్తేశాడు. అప్పటికే అడుగున పేర్చిన ఒక కట్ట జారింది. ఇద్దరు కళాసీలు పక్కకి దూకారు. ఒకాయన చెప్పు ఆ కట్ట కిందే ఉండిపోయింది. కాలు మాత్రం బయటికి వచ్చింది.

కాసేపట్లో మేనేజరుగారు జీపులో వచ్చారు. మేట్ కూడా చేతిలో నోటుపుస్తకం పట్టుకుని నిచ్చెన దిగి వచ్చాడు, తాను కబురు చెప్పిన సమయం అందులో రాసుకున్నాడు. ఆయన చెప్పినా గేంగు పట్టించుకోలేదని ఫిర్యాదు. గేంగంతా షెడ్డు నీడలో నిలబడింది, ఒంటి చెప్పుతో ఉన్న ఆయనతో సహా. కబురు ఎవరికి అందిందని మేనేజరుగారు అడిగారు. నేను నోరు తెరవకముందే మావయ్య ఒక అడుగు ముందుకేశాడు.

"నాకేనండి బాబూ. ఈ గుంట సెప్పింది, నానే సరిగ్గా ఇనుకోనేదు."

అలా అంటే ఏమవుతుందో అక్కడ ఉన్నవాళ్లందరికీ తెలుసు. మేస్త్రీని తీసేస్తారు, ఆయన గేంగుని ఆ ఓడ మీదినుంచి దింపేస్తారు, మళ్లీ ఎప్పుడు పిలుస్తారో ఎవరూ చెప్పలేరు. నిజం చెప్పొద్దూ, ఒక్క నిమిషం నేను ఊరుకున్నాను. ఆ నిమిషంలో నాకు బియ్యం డబ్బా మీది కప్పులు కనిపించాయి, మా అమ్మ కనిపించింది, ఇంగ్లీషు రాని ఇంగ్లీషు పిల్ల అని జెట్టీ అంతా చెప్పుకోవడం వినిపించింది. మావయ్యే తన నెత్తిన వేసుకున్నాక నేనెందుకు మాట్లాడాలి అనే ఆలోచన కూడా వచ్చింది, దాచడం ఎందుకు. అప్పుడు ఆ కళాసీ తన చెప్పు లేని కాలిని వేడెక్కిన కాంక్రీటు మీద పెట్టలేక రెండో కాలి మీద పెట్టుకోవడం చూశాను. ఇంక ఆగలేకపోయాను. కబురు నాకే వచ్చిందండి, నేనెవరికీ చెప్పలేదు, లిస్టు అంటే ఓడ ఒరగడం అని నాకు తెలియదు అన్నాను.

 మేనేజరుగారు పోర్టు అంటే ఏమనుకున్నావమ్మా అని అడిగారు. పోర్టు ఆఫీసనుకున్నానండి అన్నాను. వెనక ఎవరో కిసుక్కుమన్నారు, ఎవరో వాణ్ని మోచేత్తో పొడిచారు. మేనేజరుగారు మేట్‌కి ఇంగ్లీషులో విషయం చెబితే, ఆయన నవ్వుతాడేమో అని నేను నేల చూపులు చూశాను గానీ, ఆయన నవ్వలేదు. ఆయనకీ ఇంగ్లీషు అరువు భాషే కదా. తలూపి, నోటుపుస్తకం మూసేసి, మెట్లెక్కి వెళ్లిపోయాడు. జరిగింది జరిగినట్టు కాగితం మీద పెట్టమన్నారు మేనేజరుగారు. అదే టైపు మిషను మీద నాలుగు వరుసలు కొట్టాను. కాలేజీలో ఎన్ని వ్యాసాలు రాశానో, ఎన్ని పెద్ద పెద్ద మాటలు వాడానో, నాకు ఈ మాట తెలియదు అని ఇంగ్లీషులో రాయడం అదే మొదటిసారి.

గేంగుని ఏమీ అనలేదు. సాయంత్రం వరకూ కుడి పక్క పేర్చి, ఓడని మళ్లీ నిటారుగా నిలబెట్టారు. నాకు మాత్రం శిక్ష పడింది. నెల రోజులు వాకీటాకీ ముట్టుకోకూడదు, రోజూ మీ మావయ్య వెనకాల ఓడెక్కి, ఏ మాట ఏ వస్తువుదో కళ్లతో చూసి రా అన్నారు మేనేజరుగారు. అంత మంచి శిక్ష ఏ యూనివర్సిటీలోనూ ఎవరికీ వేసి ఉండరు. హోల్డు అంటే ఆపడం, పట్టుకోవడం అని మాత్రమే తెలిసిన నేను, ఓడ కడుపులో సరుకు పేర్చే గదిలోకి నిచ్చెన దిగి, ఇదీ హోల్డే అని తెలుసుకున్నాను. డ్రాఫ్టు అంటే ఉత్తరానికి వేసే చిత్తు ప్రతి ఒక్కటే కాదు, ఓడ ఎంత లోతు నీళ్లలో మునిగి ఉందో కొలిచేది కూడానట. ఓడ ముక్కు దగ్గర తెల్ల అంకెలు చూపించి మావయ్యే చెప్పాడు. మాస్టరు పాఠాలు చెప్పడు, ఓడ నడుపుతాడు. లైటరుతో సిగరెట్టు ముట్టించనక్కర్లేదు, పెద్ద ఓడనుంచి సరుకు దింపుకునే చిన్న పడవ కూడా లైటరే. వీటి స్పెల్లింగు మావయ్యకి ఒక్కటీ రాదు. వాళ్లకి ఇవి ఇంగ్లీషు మాటలనే స్పృహ కూడా ఉండేది కాదు. బరువు దించమనడానికి అరియా, లేపమనడానికి హబీస్ అనేవారు, అవి ఏ సముద్రాలు దాటి వచ్చిన మాటలో ఎవరికీ తెలియదు. మాటకి రెండు అర్థాలుంటే ఏది ఎక్కడ వాడాలో వాళ్లెప్పుడూ తికమకపడలేదు, ఎందుకంటే పొరపడితే కాలు పోతుంది.

నెలాఖరుకి ఆ మాటలన్నీ ఒక అట్ట మీద పెద్దక్షరాలతో రాసి, బడిలో అర్థం ఒక పక్క, జెట్టీలో అర్థం ఇంకో పక్క పెట్టి, షెడ్డు గోడకి తగిలించాను. ఆ అట్ట మీద మొదటి మాట లిస్టు. ఆ రోజునుంచీ గేంగులో నా పేరు లిస్టమ్మ. మొదట ఏడిపించడానికి అన్నారు, తర్వాత అలవాటుకొద్దీ అన్నారు, కొన్నేళ్లకి నా అసలు పేరు అడిగితే ఎవరూ చెప్పలేని పరిస్థితి వచ్చింది. నేనెప్పుడూ కాదనలేదు. నా తర్వాత చేరిన గుమాస్తా ఒకాయన, ఓడ కట్టేటప్పుడు మేక్ ఫాస్ట్ అని కేక వినబడితే, తొందరపెడుతున్నారనుకుని తాళ్లు పట్టుకున్నవాళ్లందరినీ కానియ్యండి కానియ్యండి అని అదిలించేస్తుంటే, నేను వెళ్లి భుజం తట్టి, ఆగండి సార్, తొందరగా అని కాదు, గట్టిగా బిగించి కట్టమని అని చెప్పాను. ఆయన మొహం ఎర్రబడింది. ఆయనకి ఆ అట్ట చూపించి, మొదటి మాట పక్కన నా కథ చెప్పాకగానీ ఆ ఎరుపు తగ్గలేదు. ముప్పై ఏళ్లకి పైగా ఆ ఉద్యోగం చేసి, కబుర్ల విభాగం మొత్తానికి అధికారిగా పదవీ విరమణ చేశాను. నా చేతిమీదుగా వెళ్లిన కబురువల్ల మళ్లీ ఏ ఓడా ఒరగలేదు, ఏ కళాసీ చెప్పూ పోలేదు. ఈ మాట చెప్పుకోవడానికి నేనెప్పుడూ మొహమాటపడను.

ఇప్పుడు ఆ జెట్టీ చూస్తే మీరు పోల్చుకోలేరు. రేకుల షెడ్డు లేదు. అచ్యుతాపురం ఫ్యాక్టరీల సరుకు కంటైనర్లనే ఇనుప డబ్బాల్లో వచ్చి డబ్బాల్లోనే వెళ్లిపోతోంది. హేచ్ అంచున సైగ చేసే మేస్త్రీ అక్కర్లేదు, ఓడ ఒక డిగ్రీ ఒరిగినా తెర మీద ఎర్ర దీపం వెలుగుతుంది. మనుషుల కాళ్లు క్షేమంగా ఉన్నాయి, అందుకు సంతోషమే. ఆ పాత ధూళి మళ్లీ రావాలని నేను కోరుకోను. మావయ్య పోయి కూడా చాలా ఏళ్లయింది. ఆయనతో పని చేసిన గేంగులో ఇద్దరు ముగ్గురు ఎప్పుడైనా సింహాచలంలో, చందనోత్సవం రద్దీలో ఎదురుపడి లిస్టమ్మా అని పిలిస్తే, పక్కనున్న మా అమ్మాయి ఎవరినో పిలుస్తున్నారనుకుంటుంది.

ఓడ ఒరిగిన ఆ రోజు సాయంత్రం మావయ్యా నేనూ కాన్వెంట్ జంక్షన్ దగ్గర బస్సు కోసం నిలబడ్డాం. ఆయన ఏమీ మాట్లాడకపోతే, నా కోసం ఆడిన అబద్ధాన్ని అందరి ముందూ బయటపెట్టేశానని కోపం వచ్చిందేమో అనుకుని, నీ పరువు తీసేశాను కదా మావయ్యా అన్నాను. 

"పాతికేల్లనుంచి ఈ జెట్టీ మీదున్నానమ్మీ," అన్నాడు. "సదువుకున్నోల్లు నోరు తెరిసి నాకు తెలీదని సెప్పడం ఇయ్యాలే సూసేను. అది మా గుంటే సెప్పింది."

బస్సు వచ్చింది, ఎక్కాం. మావయ్య టిక్కెట్లు తీసుకుంటూ కండక్టరుకి నన్ను చూపించి, మా మేనకోడలండి, పోర్టులో పని అని చెప్పాడు, కండక్టరు అడక్కపోయినా. రెండు కప్పులు గెలిచిన రోజు కూడా నేనంత గర్వపడలేదు. ఇప్పటి పిల్లలకి ఏ మాటకి ఎన్ని అర్థాలున్నా క్షణంలో దొరుకుతాయి, నేను పడ్డ సిగ్గు వాళ్లు పడక్కర్లేదు, మంచిదే. కానీ తెలియదని ఒక మనిషి ఎదుట నిలబడి చెప్పుకునే అవసరమే లేకుండా పోయింది కాబట్టి, చెప్పినందుకు మురిసిపోయి కండక్టరుకి చూపించుకునే మావయ్య కూడా వాళ్లకి దొరకడు.